ట్రాకుకు అవతల ఆట

రాత్రి కాకినాడలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లి. అక్కణ్నుంచి గచ్చిబౌలి స్టేడియం ఆటోలో వెళ్లేంత దూరం. ఆ స్టేడియానికి ఉన్నది కోనసీమ మనిషి పేరే: లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, అదే ఏడాది నవంబరు 18న మలేసియాతో స్నేహపూర్వక మ్యాచ్ అక్కడే జరిగాయి. గోదావరి జిల్లాల ఫుట్‌బాల్ అభిమానులకు భారత జట్టు ఇంత దగ్గరగా రావడం అరుదు. అయినా తొంభై నిమిషాల ఆటకు రెండు రాత్రుల ప్రయాణం తప్పదు. అంత దూరం వెళ్లి గోల్‌పోస్టు వెనక కూర్చుంటే అవతలి గోలు దగ్గర బంతి ఎవరి కాలికి తగిలిందో తెలియదు. పక్కవాడి ఫోనులో చూసి తెలుసుకోవాలి.

"స్టేడియం పాతదైపోయింది, కొత్తది కట్టాలి" అనే మాట ప్రతి మ్యాచ్ తర్వాతా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. మన స్టేడియాల జబ్బు వయసు కాదు, పుట్టుక. భారత ఫుట్‌బాల్‌కు జాతీయ స్టేడియం అంటూ ఒకటి లేదు. 1951 తొలి ఆసియా క్రీడల్లో హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది ఢిల్లీ నేషనల్ స్టేడియంలోనే. ఇప్పుడది మేజర్ ధ్యాన్‌చంద్ పేరుతో హాకీకి సొంతమైంది. ఆ తర్వాత పెద్ద మ్యాచ్‌లు ఆడిన చోట్లు చూడండి. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియాన్ని 1982 ఆసియా క్రీడల కోసం కట్టారు, 2010 కామన్వెల్త్ క్రీడల కోసం తిరగ్గట్టారు. దాన్ని కూల్చి క్రీడానగరం కడతామని 2025లో ప్రకటన వచ్చింది. బెంగళూరు కంఠీరవ 1997 జాతీయ క్రీడల వేదిక. గచ్చిబౌలిది 2002 జాతీయ క్రీడల నాటి కట్టడం. కోల్‌కతా సాల్ట్‌లేక్ ఫుట్‌బాల్‌తోనే పేరు తెచ్చుకుంది. 1997లో మోహన్‌బగాన్, ఈస్ట్‌బెంగాల్ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు 1,31,781 మంది వచ్చారు. అయితే అక్కడా ప్రేక్షకుడికీ పచ్చికకూ మధ్య రన్నింగ్ ట్రాకే. పదిహేను రోజుల పండక్కి వేసిన పందిట్లో ఫుట్‌బాల్ ఏళ్ల తరబడి కాపురం చేస్తోంది.

36.5 మీటర్ల వంపు చేసే నష్టం

ప్రామాణిక 400 మీటర్ల ట్రాకులో తిన్నని భాగం ఒక్కోటి 84.39 మీటర్లు, రెండు కొసల్లో అర్ధవృత్తాల వ్యాసార్ధం 36.5 మీటర్లు. ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు, ఎనిమిది లేన్లకు 9.76. దీని లోపల 105 × 68 మీటర్ల ఫుట్‌బాల్ మైదానం పడుతుంది, ఇరుకుగా. లెక్క వేస్తే కార్నర్ జెండాకూ ట్రాకు అంచుకూ మధ్య మిగిలేది దాదాపు ఒక మీటరు. కార్నర్ కిక్ కొట్టేవాడు ట్రాకు మీంచే పరుగు అందుకోవాలి. ఫుట్‌బాల్ స్టడ్‌ల బూటుతో సింథటిక్ మీద అడుగేస్తే జారుతుంది, సింథటిక్ కూడా చిరుగుతుంది. ఆ మూలల్లో పచ్చిక చాపలు పరిచేది అందుకే.

అసలు నష్టం గోలు వెనక. మైదానం నడిమి చుక్క నుంచి ట్రాకు బయటి అంచుకు దూరం 42.2 + 36.5 + 9.76, అంటే 88.5 మీటర్లు. ఆపైన ఖాళీ, కంచె, నడవ కలిపితే మొదటి వరుస 91, 92 మీటర్ల దగ్గర మొదలవుతుంది. నడిమి చుక్క నుంచి 90 మీటర్ల లోపలైతే ఫుట్‌బాల్ బాగా కనిపిస్తుందని స్టేడియం రూపకర్తలు అనుసరించే కొలత. అంటే ట్రాకు ఉన్నచోట గోలు వెనక వేసిన ప్రతి కుర్చీ, మొట్టమొదటిదానితో సహా, ఆ గీతకు బయటే. ట్రాకు లేకపోతే మొదటి వరుసను గోలు లైనుకు 8 మీటర్లలో పెట్టొచ్చు. 75 సెంటీమీటర్ల మెట్టు చొప్పున దాదాపు 40 వరుసలు 90 మీటర్ల లోపలే ఇమిడిపోతాయి.

కంటితో చెప్పాలంటే ఇలా: చొక్కా వెనక అంకె కనీస ఎత్తు 25 సెంటీమీటర్లు. గోలు వెనక ముందు వరుస నుంచి అవతలి గోలు 145 మీటర్లు. ఆ దూరంలో ఆ అంకె కంటి ఆస్పత్రి చార్టులో అట్టడుగు 6/6 వరుస అక్షరమంత కనిపిస్తుంది. పైగా అక్షరం కదలదు, ఆటగాడు పరుగెడతాడు, మధ్యలో ఫ్లడ్‌లైట్ల కింద ఎగిరే పురుగులు.

దూరంతో పాటు ఎత్తు సమస్య కూడా ఉంది. దీన్ని చాలామంది గమనించరు. స్టాండు మైదానానికి దగ్గరగా ఉంటే ముందువాడి తల అడ్డం రాకుండా మెట్లు నిటారుగా కట్టాలి. దూరంగా ఉంటే వాలు తగ్గించినా తల అడ్డం రాదు. ముందువాడి తల మీదుగా చూపు కనీసం 6 సెంటీమీటర్లు పైనుంచి పోవాలి, 9 అయితే మంచిది. 40 మీటర్ల దూరంలో ఈ లెక్క తక్కువ వాలుతోనే తీరిపోతుంది. కాబట్టి ట్రాకు స్టేడియాలను చవగ్గా, పళ్లెంలా పరిచి కడతారు. కాగితం మీద చూపు లెక్క సరిపోతుంది, ఆట మాత్రం అర్థం కాదు. 3 మీటర్ల ఎత్తునుంచి 40 మీటర్ల అవతలకు చూపు 4 డిగ్రీల వాలులో పోతుంది. ఇద్దరు డిఫెండర్లు, ఒక ఫార్వర్డు ఒకే గీత మీద అతుక్కున్నట్టు కనబడతారు. ఆఫ్‌సైడు మీద గోలు వెనక గ్యాలరీ అరిచే అరుపులన్నీ ఊహలే.

దీనికి ప్రపంచం కనుక్కున్న దారులు మూడు. ప్యారిస్ స్టేడ్ డి ఫ్రాన్స్‌లో కింది స్టాండు వెనక్కూ ముందుకూ జరుగుతుంది. ఖర్చుతో కూడిన పని. జర్మనీలో స్టుట్‌గార్ట్ ట్రాకును పీకేసి స్టాండ్లను ముందుకు తెచ్చింది. మ్యూనిక్ అయితే ఒలింపిక్ స్టేడియాన్ని అలాగే ఉంచి 2005లో ఫుట్‌బాల్‌కు వేరే ఇల్లు కట్టుకుంది. మనకు దగ్గరి పాఠం ముంబై ఫుట్‌బాల్ ఎరీనాది. ట్రాకు లేదు, కుర్చీలు వేలల్లోనే. 2018 జూన్‌లో చైనీస్ తైపీ మీద భారత్ 5-0తో గెలిచిన మ్యాచ్ చూసినవాళ్లు 2,569 మంది. మ్యాచ్‌లకు రమ్మని అప్పటి కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడియోలో బతిమాలాక జూన్ 4న కెన్యా మ్యాచ్ టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. కుండపోత వానలోనూ జనం కదల్లేదు. అదే జనాన్ని అరవై వేల కుర్చీల ట్రాకు స్టేడియంలో కూర్చోబెట్టి ఉంటే ఖాళీ కుర్చీలే టీవీలో కనిపించేవి.

వరికి మంచిది, బంతికి చెడ్డది

ఢిల్లీ, హైదరాబాదు సంగతి అలా ఉంచితే, మన గోదావరి డెల్టా పట్టణాల మైదానాలు కూడా అదే నమూనాను చిన్న కొలతలో దించుకుంటాయి: చుట్టూ 400 మీటర్ల ట్రాకుకు జాగా, దాని అవతల రోడ్డు వైపున ఒక కాంక్రీటు గ్యాలరీ, మధ్యలో క్రికెట్ పిచ్. ఈ పిచ్ 20 మీటర్ల గట్టి బంకమట్టి పట్టీ. అది సరిగ్గా ఫుట్‌బాల్ సెంటర్ సర్కిల్లో పడుతుంది. బంతి అక్కడ ఒకలా, రెండడుగులు అవతల ఇంకోలా లేస్తుంది. గ్యాలరీని రోడ్డు ఎటుంటే అటు కట్టడం ఇంకో అలవాటు. మైదానం పొడవు ఉత్తర దక్షిణాలుగా, గ్యాలరీ పడమర వైపు ఉంటే నాలుగు గంటల ఆటకు ఎండ ప్రేక్షకుల వీపు మీద పడుతుంది. తూర్పున కడితే కళ్లల్లో పడుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు నీళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఈ నేలకు నీళ్లు నిలబెట్టడమే పని. ఒండ్రు బంకమట్టి, అందులోనూ చాలా మైదానాలు ఒకప్పటి వరిచేలు. ఏటేటా దమ్ము చేసిన చేలో అడుగున ఒక గట్టిపొర ఏర్పడుతుంది. నీళ్లు కిందికి ఇంకకుండా కాపాడేది అదే. రైతుకు అది ఆస్తి. అదే చేనును చదును చేసి, రోలరు తిప్పి, గడ్డి నాటి ఆటస్థలం అన్నంత మాత్రాన ఆ పొర ఎక్కడికీ పోదు. జూలైలో ఒక ముసురు పట్టిందంటే పెనాల్టీ ఏరియా నారుమడి అవుతుంది.

లెక్క చూద్దాం. చుట్టూ 5 మీటర్ల అంచుతో కలిపి మైదానం 115 × 78, దాదాపు 9,000 చదరపు మీటర్లు. ఒక రోజు 50 మి.మీ. వాన పడితే చేరేది 4.5 లక్షల లీటర్లు. డెల్టాలో వాయుగుండం పట్టిన రోజున 50 మి.మీ. పెద్ద వానేం కాదు.

మందు తెలిసిందే. అడుగున 100 మి.మీ. చిల్లుల పైపులు 5 మీటర్లకొకటి, వాటి మీద 100 మి.మీ. కంకర చిప్స్, ఆపైన 300 మి.మీ. ఇసుక పొర, దాని మీద గడ్డి. ఇసుక రేణువుల మధ్య ఖాళీ ఆరో వంతు ఉన్నా ఆ 50 మి.మీ. వాన మొత్తం లోపలే పడుతుంది, పైన మడుగు కట్టదు. తడబడేది అమలులోనే.

మొదటి తప్పు ఇసుకను బంకమట్టిలో కలపడం. పైన రెండు అంగుళాలు ఇసుక జల్లి నాగలి తిప్పితే గుల్లగా అవుతుందని అనుకుంటారు. బంక రేణువులు ఇసుక మధ్య ఖాళీలన్నీ నింపేసి ఎండాక ఇటుకలా తయారవుతుంది. ఇసుక విడిగా, పొరగా ఉండాలి. 300 మి.మీ. పొరకు కావలసింది 2,700 ఘనపు మీటర్లు, అంటే 4,300 టన్నులు, 20 టన్నుల టిప్పరుకు 215 ట్రిప్పులు. ఈ అంకె వినగానే కమిటీలు 100 మి.మీ.కి దిగుతాయి. అప్పుడు ఇసుక అడుగున ఎప్పుడూ ఉండే తడిపొర నేరుగా గడ్డి వేళ్ల దగ్గరికి వచ్చేస్తుంది, వేర్లు కుళ్లుతాయి. డబ్బు లేకపోతే మందం తగ్గించడం కన్నా మైదానాన్ని 100 × 64కు తగ్గించడం మేలు.

రెండోది ఇసుక ఎంపిక. గోదావరి ర్యాంపు ఇసుకంతా ఒకటి కాదు. రేణువులు ఎక్కువ భాగం 0.25 నుంచి 1 మి.మీ. మధ్య ఉండాలి. వరద తర్వాత పైపైన తీసిన ఇసుకలో ఒండ్రు ఎక్కువ. తాపీమేస్త్రీల పరీక్షే చాలు: గాజు సీసాలో సగం ఇసుక, మీద నీళ్లు, కొంచెం ఉప్పు, బాగా ఊపి మూడు గంటలు కదపకుండా ఉంచాలి. పైన తేరిన బురద పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ లారీ ఇంటి గోడకు కూడా పనికిరాదు. ఆటస్థలానికి అందులో సగమే ఉండాలి. ప్రతి పదో ట్రిప్పునైనా పరీక్షించాలి. మొదటి లారీ మంచిదై, చీకటి పడ్డాక వచ్చినవి వేరే రంగులో ఉండడం అందరికీ తెలిసిన విద్యే.

గడ్డి విషయంలో మాత్రం ఈ నేల కలిసొస్తుంది. ప్రపంచంలో వేడి దేశాల ఫుట్‌బాల్ మైదానాలు వాడే బెర్ముడా గడ్డి మన వినాయకుడి గరికే. తీరం దగ్గరి ఉప్పు నీటిని కొంతవరకు ఓర్చుకుంటుంది. ఇసుకలో తేమ పట్టి ఉంచడానికి పదో వంతు కొబ్బరి పీచు పొట్టు కలపొచ్చు. కోనసీమలో దానికి కరువు లేదు. అయితే మంచినీళ్లతో కడిగాకే కలపాలి, లేకపోతే పొట్టులోని ఉప్పే గరికను కాలుస్తుంది. కోత 25 నుంచి 30 మి.మీ. ఎత్తులో. వాన వెలిసిన వెంటనే రోలరు తిప్పడం మాత్రం మానుకోవాలి. తడి నేల మీద ఒక్కసారి తిప్పిన రోలరు, ఏడాదిపాటు వేర్లు చేసిన పనిని అణిచేస్తుంది. సభలకు షామియానా గుంజలు దిగేసినా, లారీలు తిరిగినా అంతే. అడుగున పైపు ఎక్కడ పగిలిందో వచ్చే వానకు గానీ బయటపడదు.

అన్నిటికన్నా చిక్కుది పారుదల. పైపులకు 200కు 1 వాలు ఇస్తే 78 మీటర్ల పొడవుకు 39 సెంటీమీటర్ల దిగుడు. ఇసుక, చిప్స్, కందకం లోతు కలిపితే నీళ్లు బయటికి వచ్చేది నేల మట్టానికి మీటరుకు పైగా కింద. వానాకాలం డెల్టాలో ఊటనీరు దానికన్నా పైనే ఉంటుంది. పంట కాలువ ఎటూ మెరక మీద పారుతుంది. మురుగు కాలువలో కలుపుదామంటే పోటు సమయంలో సముద్రం నీటిని తీసుకోదు, డ్రెయిను నిండి వెనక్కి తంతుంది. కాబట్టి డెల్టాలో పైపులు వేసి తూములో కలిపేశాం అంటే పని సగం కూడా కానట్టే. మూలలో ఒక సంపు, దానికి మోటారు ఉండాల్సిందే. 4.5 లక్షల లీటర్లను మూడు గంటల్లో తోడాలంటే సెకనుకు 42 లీటర్లు. 8 మీటర్ల ఎత్తుకు తోడినా 10 హెచ్‌పీ మోటారుకు అది సాధ్యమే. చేపల చెరువుల రైతులకు కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదిది. గొట్టం కొసలో నీరు వెనక్కి రాకుండా మూత వాల్వు మరచిపోకూడదు, కరెంటు పోయినప్పటికి డీజిల్ ఇంజను సిద్ధంగా ఉండాలి. వాన పడ్డ రోజే కరెంటు పోతుంది గదా.

గేట్లు, రేకులు, గదులు

అభిమాని కోపం ఎక్కువగా చూపు మీద, బురద మీద. ప్రాణం పోయేది మాత్రం గేటు దగ్గర. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో 16 మంది ఫుట్‌బాల్ అభిమానులు చనిపోయారు. 2022 అక్టోబరు 1న ఇండొనేసియా కంజురుహాన్ స్టేడియంలో బాష్పవాయువుకు జనం ఇరుకు గేట్ల వైపు పరుగెత్తితే 135 మంది. మెట్ల దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది, చదును దారిలో 82 మంది పోగలరని బ్రిటన్ భద్రతా మార్గదర్శకాల లెక్క. బయటపడాల్సిన గడువు ఎనిమిది నిమిషాలు. 5,000 మంది గ్యాలరీకి ఆ లెక్కన 9.5 మీటర్ల మెట్ల వెడల్పు, అంటే 1.2 మీటర్ల దారులు ఎనిమిది కావాలి. మీటరున్నర గేట్లు రెండే తెరిస్తే పాతిక నిమిషాలు. కట్టేటప్పుడు ఎనిమిది పెట్టి, టికెట్టు లేనివాళ్లు దూరతారని ఆరింటికి తాళాలు వేస్తే ఆ ఆరూ గోడలే.

నీడ కోసం వేసే రేకుల సంగతి తీరప్రాంతంలో వేరు. కోస్తా ఆంధ్రలో కట్టడాలకు తీసుకునే మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో గాలి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోలే. ముందు వైపు తెరిచి ఉన్న స్టాండులో గాలి కింద నుంచి తోస్తుంది, పైనుంచి పీలుస్తుంది. కప్పు కూలదు, లేచిపోతుంది. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమకు ఇది వివరించాల్సిన పని లేదు. దూలాలు ఎంత లావైనా, రేకును పట్టే హుక్ బోల్టులు అంచుల్లో ప్రతి మడతకూ లేకపోతే మొదట ఒక్క రేకు ఊడుతుంది, తర్వాత వరసంతా.

మరుగుదొడ్ల లెక్క చిన్నదే. 5,000 మందిలో 800 మంది ఆడవాళ్లు వచ్చారనుకుందాం. విరామం 15 నిమిషాల్లో వాళ్లలో మూడో వంతు వెళ్లినా 267 మంది. ఒక్కొక్కరికి రెండు నిమిషాల చొప్పున ఒక గదికి ఏడుగురు, అంటే 38 గదులు కావాలి. నాలుగే ఉంటే చివరి మనిషి వంతు వచ్చేసరికి ఆట అయిపోయి గంట దాటుతుంది. లండన్‌లో కొత్త వెంబ్లీ స్టేడియం కట్టినప్పుడు 2,618 మరుగుదొడ్లని గొప్పగా చెప్పుకున్నది ఊరికే కాదు. ఆడవాళ్లు మ్యాచ్‌లకు రారు అనే నిర్వాహకులు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ట్రాకు మీద తాత్కాలిక గ్యాలరీ

ఉన్న మైదానాన్ని కూల్చి కట్టే స్తోమత ఏ మున్సిపాలిటీకీ ఉండదు. కానీ చాలాచోట్ల ట్రాకు మట్టిదే, పోటీలప్పుడు సున్నంతో గీసేది. అలాంటి చోట టోర్నమెంటు పది రోజులకు ట్రాకు మీదే, టచ్‌లైనుకు, అంటే మైదానం పక్క గీతకు, 5 మీటర్లలో తాత్కాలిక గ్యాలరీ వేసుకోవచ్చు. కబడ్డీ, ఎడ్ల పందేలకు సరుగుడు గుంజలతో కట్టే చేతులు డెల్టాలో ఉన్నాయి. ఎక్కడ కూలుతుందో తెలుసుకుని కడితే చాలు. 2022 మార్చిలో కేరళ మలప్పురం జిల్లాలో జట్టుకు ఏడుగురు ఆడే సెవెన్స్ ఫుట్‌బాల్ చూస్తుండగా ఇలాంటి గ్యాలరీయే కుప్పకూలి పెద్దసంఖ్యలో జనం గాయపడ్డారు.

నిలబడి ఎగిరే జనానికి చదరపు మీటరుకు 500 కిలోలు లెక్కేయాలి. గుంజలు మీటరున్నరకు ఒకటి పాతితే ఒక్కోదాని మీద 1,125 కిలోలు. 10 సెంటీమీటర్ల సరుగుడు కొస ఆ బరువంతా నేల మీద మోపితే చదరపు మీటరుకు 140 టన్నుల పైన. తడిసిన బంకమట్టి 5 నుంచి 10 టన్నులు మోస్తే గొప్ప. అందుకే పొద్దున సమంగా ఉన్న గ్యాలరీ సాయంత్రం వానకు ఒక మూల కుంగుతుంది. గుంజ కింద 45 సెంటీమీటర్ల చదరపు పలక వేస్తే అదే బరువు చదరపు మీటరుకు ఐదున్నర టన్నులకు దిగుతుంది. ఇక గోలు పడ్డప్పుడు జనం ఒక్కసారిగా ముందుకు ఊగుతారు. బరువులో పదో వంతు అడ్డంగా తోస్తుందనుకోవాలి. నిలువు గుంజలకూ అడ్డ వాసాలకూ ఎంత గట్టిగా తాడు బిగించినా ఆ ఊపును ఆపలేవు. ఏటవాలు కట్లు రెండు దిక్కులా, ప్రతి మూడో అరలో ఉండాలి. జనం నడవడానికి అడ్డమని వెనక వైపు ఏటవాలు గుంజల్ని టీ కొట్టువాళ్లు తీసేయడం మామూలు. అందుకని విరామానికి ముందు ఒక మనిషి కింద తిరిగి కట్లు లెక్కపెట్టాలి. ఎన్ని కట్టారో ఆ అంకె గ్యాలరీ మొదటి గుంజ మీదే సున్నంతో రాసి ఉంచితే పని తేలిక.